సాయిలన్న స్విచ్చి

దయ్యాలూ గియ్యాలూ అంటే నాకు నమ్మకం లేదు. ఎవరైనా దయ్యాన్ని చూశామంటే లాగ్, అంటే ఏది ఎప్పుడు జరిగిందో కంప్యూటర్ టైముతో సహా రాసుకునే చిట్టా, చూపించమనే రకం నేను. ఇప్పుడు నా దగ్గరే లాగ్ ఉంది. దాన్ని ఏం చేయాలో తెలియక ఇది రాస్తున్నాను.

నేను కామారెడ్డిలో ఉంటాను. ఇంటి నుంచే ప్రోగ్రామర్ ఉద్యోగం. సెలవుల్లో పాత వీడియో గేములను పోర్ట్ చేస్తుంటాను, అంటే పాత మెషిన్ మీద నడిచే ఆటను ఈనాటి కంప్యూటర్ మీద అచ్చం అలాగే నడిచేలా తిరిగి రాస్తాను. శత్రు విమానం ఎక్కడ వంకర తిరిగేదో అక్కడే తిరగాలి. పాత ఆటలో తప్పుంటే ఆ తప్పు కూడా ఉండాలి. ఈ పనిలో నాకు కొంచెం పొగరే. నా ఆటలో తేడా పట్టుకున్నవాళ్లు అప్పటిదాకా లేరు.

ఎల్లారెడ్డి బస్టాండు పక్కన సాయిలన్న వీడియో గేముల దుకాణం ఉండేది. నేను అక్కడి బడిలో చదివేటప్పుడు, మా ఊరి మీదుగా కామారెడ్డి పోయే బస్సు వచ్చేదాకా రోజూ అందులోనే ఉండేవాణ్ణి. అక్కడ ఒక విమానాల ఆట ఉండేది. దాని బోర్డు మీద కంపెనీ పేరు లేదు. ఎంత వెతికినా అలాంటిది ఇంకెక్కడా దొరకలేదు.

సాయిలన్న పోయి మూడేళ్లు. ఆయన భార్య గంగవ్వ అదే గదిలో బట్టలు కుడుతోంది. ఆ మెషిన్ ఇంకా మూలన ఉంది, కానీ తెర రోజురోజుకీ మసకబారుతోంది. అది ఆరిపోతే ఆ ఆట లోకంలోనే ఉండదు.

"ఆయన యాదికి గదొక్కటే మిగిలింది బిడ్డా. ఉన్నదున్నట్టు దించు" అంది గంగవ్వ. సరేనని మాటిచ్చాను.

చిప్‌లోని ప్రోగ్రామ్ అంతా చదివి తిరిగి రాయడానికి ఐదు నెలలు పట్టింది. మెషిన్ వెనక సాయిలన్న సొంతంగా బిగించిన స్విచ్చి ఒకటి ఉంది. అది నొక్కితే ఆట ఉన్నచోటే ఆగుతుంది. పొట్టివాళ్లం కాబట్టి మేం పీట ఎక్కి ఆడేవాళ్లం. ఆయన స్విచ్చి నొక్కి, "బస్సొచ్చింది, దిగు బిడ్డా" అనేవాడు. అది అసలు ఆటలోది కాదు కదా అని నేను వదిలేశాను.

కామారెడ్డిలో ఎనిమిది రోజులు నడిపి చూశాను. ఒక్కసారీ ఆగలేదు. శనివారం ల్యాప్‌టాప్‌ను ఎల్లారెడ్డి తీసుకెళ్లి, పాత మెషిన్ పక్కన పెట్టి రెండూ పోల్చాను. సాయంత్రం నాలుగు ముప్పై ఐదుకు నా ఆట ఆగిపోయింది. ఏ కీ నొక్కినా కదల్లేదు. కాసేపటికి దానంతట అదే మళ్లీ నడిచింది. పాత మెషిన్ మాత్రం ఆగలేదు. నాకు తల కొట్టేసినట్టయింది.

తరువాతి శనివారం నాలుగు పదికి ఆగింది. ఆ పై శనివారం ఐదు గంటలకు కాస్త ముందు. ఆ మూడోసారి విసుగొచ్చి తల తిప్పితే, మా ఊరి బస్సు బస్టాండులోకి తిరుగుతోంది.

మొదటి రెండు టైములూ లాగ్‌లో చూసి రాసుకుని, బస్టాండులో బస్సుల టైములు రాసుకునే కంట్రోలర్‌ను అడిగాను. ఆయన తన పుస్తకం తిరగేసి చూపించాడు. ఒక్క నిమిషం అటూ ఇటూగా రెండూ కలిశాయి. ఆ బస్సు ఏనాడూ ఒకే టైముకు రాదు.

కరెంటు అనుకుందామంటే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడిచింది. నెట్ ఆపేసి ఉంది. బస్సు అదురుకేమో అని బట్టల మూట మీద పెట్టి కూడా చూశాను. ఆటలో గడియారం చూసే లైనే లేదు, లాగ్ రాసేది వేరే ప్రోగ్రామ్.

చివరికి గంగవ్వకు చెప్పాను. ఆమె నవ్వింది.

"గా స్విచ్చి ఎవల కోసం పెట్టిండనుకున్నవ్? నీ కోసమే. ఆటల వడి బస్సు తప్పిపోయి ఏడ్చినవ్ గదా. సైకిల్ మీద నిన్ను ఊర్ల దింపొచ్చి, తెల్లారే గది పెట్టిండు."

ఆ ఏడుపు నాకు గుర్తుంది. సైకిలూ గుర్తుంది. స్విచ్చి ఆ మర్నాడే వచ్చిందని మాత్రం ఎన్నడూ తట్టలేదు. ఉన్నదున్నట్టు దించుతానని మాటిచ్చి దాన్నే వదిలేసినందుకు చాలా సిగ్గేసింది.

పోయిన శనివారం ఆట మళ్లీ ఆగింది. వెంటనే బయటికి పరుగెత్తి చూశాను. బస్సు లేదు. మలుపు దాకా రోడ్డు ఖాళీ. నిజం చెబుతున్నాను, ప్రాణం లేచొచ్చింది. అయితే ఇది మామూలు తప్పే, వెతికితే దొరుకుతుంది.

"బస్సు లేదవ్వా" అన్నాను లోపలికి వస్తూ.

గంగవ్వ సూదిలో దారం ఎక్కిస్తోంది. తల ఎత్తలేదు.

"బస్సొచ్చినంక ఆపితే మీకెట్ల అందుతది? ఆయన జర ముందుగాలనే ఆపేటోడు, మీరు సంచి సదురుకోవాలె గదా. సదురుకో బిడ్డా."

ల్యాప్‌టాప్ సంచిలో పెట్టి జిప్పు లాగుతుంటే మలుపులో హారన్ వినిపించింది.

అది ఎందుకు ఆగుతుందో నాకు ఇప్పటికీ తెలియదు. వెతకడం మానలేదు. నా తప్పుల జాబితాలో మిగిలింది అదొక్కటే. కారణం దొరికినా దాన్ని సరిచేయను. ఆ సాయంత్రం మాత్రం నాకు బస్సు అందింది.