కట్టయ్య వేసిన విమానం దారి

చిట్యాల బస్టాండు పక్కన తెల్ల సుమో ఆపుకొని, బానెట్టు మీద చెయ్యేసి నిలబడే కట్టయ్య విమానాన్ని దగ్గరగా చూసిన మనిషి కూడా కాదు. అలాంటి మనిషి డెన్మార్కు కొస నుంచి స్వీడన్, ఫిన్లాండుల మీదుగా నార్వే నెత్తి దాకా ఒక చిన్న విమానం ఎక్కడ దిగాలో, ఎక్కడ పెట్రోలు పోయించుకోవాలో, ఎక్కడ పడుకోవాలో వరసగా రాసిచ్చాడు. ఈ మాట చెబితే మా స్టాఫ్ రూములో ఇప్పటికీ ఒకరిద్దరు నా వంక అదోలా చూస్తారు. చూడనివ్వండి. ఆ కాగితాలు ఇంగ్లీషులో టైపు చేసింది నేనే. నా పేరు సురేందర్, ఆ ఊళ్లోనే హైస్కూలు ఇంగ్లీషు పంతులిని.

చెల్పూరులో థర్మల్ ప్లాంటు కడుతున్న రోజుల్లో గేజీలు సరిచూడటానికి ఆర్నే అనే డెన్మార్కు ఇంజనీరు వచ్చి ఎనిమిది నెలలు ఉన్నాడు. అరవై దాటిన మనిషి, కర్రలా నిటారుగా ఉండేవాడు. ఆయన తిరగడానికి కట్టయ్య సుమోను మాట్లాడుకున్నాడు. అది 2009 చివర, తెలంగాణ ఉద్యమం రాజుకున్న రోజులు. ఇవాళ బందు, రేపు రాస్తారోకో, ఎల్లుండి రెండూ. మిగతా డ్రైవర్లు తాళాలు జేబులో వేసుకుని చెట్టు కింద పేకాడుకుంటుంటే, కట్టయ్య మాత్రం ఆర్నేను ఒక్కసారి కూడా రైలు తప్పనివ్వలేదు.

దానికి కారణం కట్టయ్య దగ్గరున్న ఒక నోటుబుక్కు. కాజీపేటకు పరకాల మీదుగా ఒక దారి, అది మూసేస్తే మొగుళ్లపల్లి మీదుగా జమ్మికుంట స్టేషనుకు ఇంకో దారి. ఏ ఊళ్లో టైర్లు కాలబెడతారు, ఏ ఊళ్లో పెద్దమనిషికి చెబితే బండి వదులుతారు, బంకు మూస్తే ఎవరింట్లో డబ్బాతో డీజిలు దొరుకుతుంది, చిక్కుకుపోతే ఎవరు అన్నం పెడతారు, అన్నీ ఊరి పేరు కింద రాసి ఉండేవి. “ఒక్క దారి నమ్ముకున్నోడు బండి తోలొద్దు సారూ” అనేవాడు నాతో.

దారి పొడుగునా ఆర్నే తన ఊళ్లో ఉన్న రెండు సీట్ల విమానం గురించి చేతులు ఊపుతూ చెప్పేవాడట. కట్టయ్యకు వచ్చిన ఇంగ్లీషుకు అది సరిపోయింది. ఆ ఎనిమిది నెలల్లో ఆయన మనసులో ఒక కోరిక గట్టిగా పాతుకుంది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఆ రెండో సీటులో కూర్చోవాలి. ఆర్నే వెళ్లిపోయాక కూడా ఆ కోరిక పోలేదు. నాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు.

2011 సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. బడులు మూతపడ్డాయి, బస్సులు డిపోలు దాటలేదు, బొగ్గు ఆగి కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియని రోజులు. నేను టెంటులో కూర్చుని నినాదాలిస్తున్నాను, కట్టయ్యకు కిరాయిలు లేవు. అప్పుడు, కట్టయ్య ఆయనకు ఇచ్చి పంపిన నా మెయిలుకు ఆర్నే ఉత్తరం వచ్చింది. వచ్చే జూన్‌లో రిటైరవుతున్నాడట. తన విమానంలో ఉత్తరాన నేల అయిపోయేదాకా వెళ్లాలనుకుంటున్నాడు. “రెండో సీటు కట్టయ్యది. టికెట్టు నేను పంపుతాను. కానీ ముందు నా ప్లాను చూడమను. బందు రోజు చూసినట్టు చూడమను” అని రాశాడు.

నేను చదివి వినిపించాను. కట్టయ్య మెల్లగా అన్నాడు, “మల్లోసారి సదువున్రి.” మూడుసార్లు చదివాను.

నర్సమ్మ, అంటే ఆయన భార్య, ఒకటే మాట అంది. “ఆలు లేదు సూలు లేదు, కొడుకు పేరు సోమలింగమట. సుమోల డీజిలుకే దిక్కు లేదు గని విమానమట.” కానీ పటం పరచుకోవడానికి మా ఇల్లు ఇరుకైతే తన ఇంట్లో సామాను జరిపి చాప వేసింది కూడా ఆమెనే.

భూపాలపల్లి నెట్ సెంటరులో కరెంటు ఉన్న గంటలో పటాలు ప్రింటు తీయించాం. పదకొండు కాగితాలు, అతికిస్తే గోడంత. కట్టయ్య దారం తీసుకుని, వంద కిలోమీటర్లకు ఒక ముడి వేసి, ఒక్కో దిగే చోటు నుంచి ఇంకోదానికి పరిచి చూశాడు. ఆర్నే విమానం ట్యాంకు నాలుగున్నర గంటలు వస్తుంది. ఆర్నే నాలుగు గంటలకొకసారి దిగేలా వేసుకున్నాడు. కట్టయ్య తల అడ్డంగా ఊపాడు. “సగం కాంగనే నింపుకోవాలె. మిగిలిన సగం మనది గాదు, మూసేసిన దారిది.” ఆ లెక్కన నాలుగు మజిలీలు కాస్తా ఏడయ్యాయి. ప్రతి మజిలీకీ పక్కనే ఇంకో దిగే చోటు కావాలన్నాడు. అక్కడ పెట్రోలు పంపు తాళం ఎవరి దగ్గర ఉంటుంది, ఆయన ఫోను ఎత్తుతాడా, ఎత్తకపోతే ఆయన భార్య ఎత్తుతుందా, ఇవన్నీ రాయించాడు. నేను ఆ భార్య ప్రశ్న వదిలేద్దామంటే ఒప్పుకోలేదు. రెండో సీటు మనిషి బరువు కూడా కావాలని ఆర్నే అడిగితే, కట్టయ్య పత్తి కాంటా మీద నిలబడి తూయించుకు వచ్చాడు. అరవై నాలుగు కిలోలు.

చివరి ప్రశ్న అడిగినప్పుడు మాత్రం నాకు నవ్వాగలేదు. “ఆ దినాలల్ల వాళ్ల దిక్కు బందులేమన్న ఉన్నయా, అడుగున్రి.”

టెంటులో చెబితే అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. దేవుడిచ్చిన దేశాలు, అక్కడ బందులేమిటి అన్నారు. సిగ్గుపడుతూనే టైపు చేశాను.

నాలుగు రోజులు జవాబు లేదు. అయిదో రోజు వచ్చింది. ఆర్నే స్వీడన్‌లో దిగాలనుకున్న శుక్రవారం వాళ్లకు నడి ఎండాకాలం పండుగట. దేశం దేశమంతా ఇళ్లకు తాళాలేసి చెరువుల పక్కకు, పొలాలకు పోతుంది. ఆ చిన్న విమానాశ్రయంలో పంపు చూసే మనిషి మూడు రోజులు ఉండడు. డెన్మార్కులో ఆ రోజు సెలవు కాదు గనక ఆర్నేకు తట్టలేదు. ప్రయాణాన్ని ఆరు రోజులు వాయిదా వేసుకున్నాడు. నవ్విన నాపచేనే పండుతుందని ఊరికే అనలేదు పెద్దలు. ఆ ఉత్తరం ప్రింటు తీసి టెంటు గుంజకు నేనే అంటించాను.

ఇక్కడిదాకా అంతా బాగానే ఉంది. ఇక నా సంగతి చెప్పాలి.

అక్టోబరులో రైల్‌రోకో. స్టేషన్ ఘన్‌పూర్‌లో పట్టాల మీద కూర్చోవాలని పిలుపొస్తే మా ఊరి నుంచి పన్నెండు మందిమి కట్టయ్య సుమోలో వెళ్లాం. మనుషుల్ని కూడగట్టింది నేనే. సాయంత్రం పోలీసులు వచ్చి అందరినీ లేపారు. బండి నంబరు కళ్లెదుట ఉంది గనక కేసులో కట్టయ్య పేరు రాసుకున్నారు, మిగిలిన వాళ్లను ‘మరికొందరు’ అని రాశారు. ఆ మరికొందరిలో నేనొకణ్ని.

జనవరిలో కట్టయ్య పాస్‌పోర్టుకు పెట్టుకున్నాడు. విచారణలో ఆ కేసు బయటపడింది. కేసు తేలేదాకా పాస్‌పోర్టు రాదు. విచారించిన ఆఫీసరు చెడ్డవాడు కాదు. కట్టయ్యను కూర్చోబెట్టి చాయ్ తాగించి, ఒక ఉపాయం చెప్పాడు. నేను డ్రైవరును, ఫలానా ఆయన కిరాయికి పిలిస్తే పోయాను, నాకేం సంబంధం లేదు అని రాసివ్వు, నీ పేరు తీసేయిస్తాను అన్నాడు. ఆ ఫలానా ఆయన నేనే. నా పేరు కాగితం మీదికెక్కితే ఉద్యోగం నుంచి సస్పెండు చేస్తారు.

రెండు రోజులు కట్టయ్య ఇంటి వైపు వెళ్లలేదు. దాచుకోవడమెందుకు, భయపడ్డాను. మూడో రోజు నా మీద నాకే అసహ్యం వేసి వెళ్లాను.

“అన్నా, నా పేరు రాసియ్యి. నా నౌకరి సంగతి నేను సూసుకుంట” అన్నాను.

కట్టయ్య సుమో టైరుకు గాలి కొడుతున్నాడు. పంపు ఆపలేదు.

“మీ పేరు ముచ్చట గాదు సారూ.”

“మరేంది?”

“కిరాయికి పోయిన అని రాయమంటుండు. మీరు నాకు పైసలిచ్చిన్రా? డీజిలు నేనే పోసుకున్న. పట్టా మీద మీ పక్కనే కూసున్న.” అప్పుడు పంపు ఆపి నా మొహంలోకి చూశాడు. “పెండ్లికి కిరాయికి పోత. దవాఖానకు కిరాయికి పోత. తెలంగాణకు కిరాయికి పోయిన అని నా చేతితోని ఎట్ల రాస్త?”

ఆ రోజు ఇంటికొచ్చి ఏడ్చాను.

ఆర్నేకు ఉన్నదున్నట్టు రాశాను. ఏడు మజిలీల ప్లాను, పక్క మజిలీలు, తాళాల మనుషుల ఫోన్లు అన్నీ జత చేశాను. రెండో సీటులో ఇంకెవరినైనా తీసుకుపొమ్మని చెప్పమన్నాడు కట్టయ్య.

జూన్ చివర్లో ఆర్నే బయల్దేరాడు. రోజుకొక ఉత్తరం. మూడో నాడు తీరమంతా పొగమంచు కమ్మి దిగలేకపోతే, కట్టయ్య రాసిన పక్క చోటికి తిప్పుకున్నాడు. ట్యాంకులో సగం మిగిలే ఉంది. పంపు మనిషి ఫోను ఎత్తలేదు, భార్య ఎత్తింది. ఆ ముక్క చదివేటప్పుడు నేను కట్టయ్య వైపు చూడలేదు. తొమ్మిదో నాటికి నేల అయిపోయి సముద్రం మొదలయ్యే చోట దిగాడు.

ఆ రోజు ఉత్తరం చిన్నది. “రెండో సీటు అడిగిన స్నేహితులు నలుగురు. ఎవరికీ ఇవ్వలేదు. అది ఖాళీగానే వచ్చింది, ఖాళీగానే తిరిగి వెళుతుంది. డాక్టరు ఆపేదాకా నేను ఎగురుతాను. మీకు రాష్ట్రం రావడానికి ఇంకా ఎన్నేళ్లు పడుతుంది?”

కట్టయ్య ఒక్కో మాట నిలిపి నిలిపి చెప్పాడు. “గిట్ల రాయున్రి. ఎన్నేండ్లో తెల్వదు. అచ్చుడు మాత్రం ఖాయం. సీటు ఉంచు.”

రాష్ట్రం రెండేళ్లకు వచ్చింది. ఉద్యమం కేసులతో పాటు ఆ కేసు కూడా ఎత్తేశారు. 2015 జూన్‌లో, పాస్‌పోర్టు మీద చిట్యాల, తెలంగాణ అని అచ్చుపడ్డ మనిషి వెళ్లి ఆ సీటులో కూర్చున్నాడు.