రోకళ్ల చప్పుడులో నా ఇంగ్లీషు ఉపన్యాసం

ఈ రోజు పొద్దున ముసురు పట్టింది. అటక మీది పాత కాగితపు గంప మెంతుల వాసన వేసింది... ఇన్నేళ్లయినా వాన వస్తే చాలు, దాన్నుంచి ఆ వాసన వస్తుంది.

మా చిన్నప్పుడు... కన్నడ సీమలోని చింతామణిలో మా కాన్వెంటుకు మంగళూరు వైపు నుంచి కొత్త సిస్టర్ ఒకరు వచ్చారు. రాగానే వరండాలో పెద్ద చెక్కపెట్టె పెట్టించారు. ఇంట్లో పనికిరాని కాగితాలన్నీ తెచ్చి అందులో వేయాలి. అవి ఎక్కడో మిల్లుకు వెళ్లి కొత్త కాగితాలవుతాయి. పెట్టె నిండాక స్కూళ్ల ఇన్‌స్పెక్టరు చూడటానికి వస్తారు. ఆయన ముందు ఒక అమ్మాయి ఇంగ్లీషులో ఉపన్యాసం చెప్పాలి.

ఆ అమ్మాయి నేను. ఎప్పుడూ పుస్తకం పట్టుకుని ఉంటానని నన్ను ఎంచారు. చదవడం వేరు, నలుగురిలో నోరు తెరవడం వేరు అని సిస్టర్‌కి చెప్పాలనుకున్నాను. చెప్పాలంటే నోరు తెరవాలి కదా...

ఒక్కటే ధైర్యం. ఆ పెట్టె నిండదు. మా ఊళ్లో పనికిరాని కాగితం ఎక్కడుంది? అంగళ్లలో పాత పేపర్లు పొట్లాలకే చాలేవి కావు. విప్పిన పొట్లం కాగితం అలమరలో పరుచుకునేవాళ్లం. అక్కడ మాసిపోతే పొయ్యి ముట్టించేవాళ్లం. మొదట్లో ఒక పిల్ల పాత క్యాలెండరు తెచ్చి వేసింది. సాయంత్రం వాళ్లమ్మ వచ్చి, "దీని ఎనకపక్క ఇంకా తెల్లగా ఉండాది" అని పట్టుకుపోయింది.

సిస్టర్ రోజూ పెట్టెలోకి తొంగి చూసేవారు. నేనూ చూసేదాన్ని. ఆమె నిట్టూరిస్తే నాకు ప్రాణం లేచి వచ్చేది.

ఆ సంతోషంలో ఇంట్లో మా అవ్వ దగ్గర నోరు జారాను. "పెట్టె నిండలేదవ్వా. ఇంక నేను మాట్లాడే పని లేదు."

అవ్వ చేటలో బియ్యం అట్లాగే వదిలేసి లేచింది. "ఏమీ? కాగితాల్లేక మా పాప మాట్లాడకుండా పోవాల్నా? బజారు వీదోళ్లం బతికే ఉండాము కదమ్మే!"

అంగడి అంగడీ తిరిగింది. ఆమెకు లేదని చెప్పే ధైర్యం ఎవరికుంది? మర్నాడు నిండు గోనెసంచులు కాన్వెంటుకు చేరాయి. సిస్టర్ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నా కళ్లల్లో కూడా.

ఇన్‌స్పెక్టరు సోమవారం వస్తారన్నారు. శనివారం అవ్వ నన్ను పిలుచుకుపోవడానికి వచ్చి, సంచులు కట్టినవి కట్టినట్టే ఉండటం చూసింది.

"యాలమ్మా సిస్టరమ్మా, ఊరికే పెట్టుకోనుండారు?"

"సోమవారం తర్వాత ఇవన్నీ కొత్త వస్తువులైపోతాయమ్మా" అన్నారు సిస్టర్ కన్నడంలో, ఎంతో మురిపెంగా.

 దారిలో అవ్వ, "నానబెట్టకుండా యాడవుతాయి?" అని గొణిగింది. నాకు నా ఉపన్యాసం దిగులే సరిపోయింది. పట్టించుకోలేదు.

సోమవారం ఉపన్యాసం వల్లెవేసుకుంటూ బడికి వెళ్లాను. ఖాళీ గోనెసంచులు తీగ మీద ఆరుతున్నాయి. కాగితమంతా వెనక తొట్టిలో ముద్దగా నాని ఉంది; ఆదివారం సిస్టర్ చర్చికి వెళ్లినప్పుడు నానేశారట. మా అవ్వ, వీధిలోని మిగతా అవ్వలు కాన్వెంటు వంటింటి రోలు దగ్గర దాన్ని మెంతిపిండి కలిపి దంచుతున్నారు. గంపలు చేయడానికి పక్కనే కుండలు బోర్లించి ఉన్నాయి. సిస్టర్ తొట్టి వైపు చూశారు, రోలు వైపు చూశారు, గోడ మీది శిలువ వైపు చూశారు.

అప్పుడే జీపు ఆగింది.

"కాగితాలు ఎక్కడ?" అన్నారు ఇన్‌స్పెక్టరు కన్నడంలో.  నేను రోలు వైపు వేలెత్తి చూపించాను.

అవ్వ మోచేతుల దాకా ముద్దలో ఉంది. "రాప్పా. చెయ్యి పెట్టి చూడు, మెదిగిందా లేదా?"

 ఆయన చొక్కా చేతులు మడిచి, చిటికెడు తీసి నలిపి, వాసన చూశారు. "మెంతులు చాల్లేదు కదమ్మా? పురుగు పట్టదా?" అన్నారు, మా ఇంటి తెలుగులోనే.

"అట్ల చెప్పు! యావూరప్పా నీది?"

"పాతపాళ్య పక్కన."

"అదీ! చేయి చూస్తేనే తెలస్తాండాది."

ఇక మెంతుల మీద మాటలు సాగాయి. ఉపన్యాసం అందరూ మరిచిపోయారు. ఆయన జీపు వైపు తిరిగారు. నేను దేవుళ్లందరికీ దండం పెట్టుకున్నాను.

"యాడికిప్పా పోతావు?" అంది అవ్వ. "మా పాప ఇంగ్లీషు నేర్చుకోనుండాది. ఇనేసి పో."

ఆయన ముద్ద చేతులతోనే కుర్చీలో కూర్చున్నారు. నేను నిలబడ్డాను. ఎండ పోతుందని అవ్వలు దంచడం ఆపలేదు. ధన్... ధన్... మొదటి వాక్యం నా చెవులకే చేరలేదు. రెండోదీ అంతే. అప్పుడు అర్థమైంది... ఎవరికీ వినబడటం లేదు!

భయం ఎటు పోయిందో పోయింది. "మీ ముందున్న ఈ నిండు సంచులు" అంటూ తీగ మీది ఖాళీ సంచులు చూపించాను. ఉత్సాహం ఆగక రీడరులోని ఒంటె పాఠం కూడా కొంత కలిపాను. ఇన్‌స్పెక్టరు రోకలి పోటుకు తగ్గట్టు తల ఊపారు. చివర్లో అందరూ చప్పట్లు కొట్టారు. "ఒక్క తప్పు పోలేదు" అని అవ్వ వీధంతా చెప్పింది.

తర్వాత సిస్టర్ ప్రతి క్లాసులో ఒక కాగితపు గంప పెట్టించారు, చెత్త కాగితాలు వేయడానికి. "అంత మంచి గంపలో చెత్తేస్తారా!" అని అవ్వ చాలా రోజులు ఆమెతో మాట్లాడలేదు.

ఇప్పుడు ఏ బడిలో చూసినా రంగురంగుల ప్లాస్టిక్ డబ్బాలు. సాయంత్రానికి నిండిపోతాయి. వెనకపక్క తెల్లగా ఉందని వెతుక్కుంటూ వచ్చే అమ్మలు లేరు... మీ ఇళ్లలో ఇలాంటి గంప ఇంకా ఉందా? ఉంటే వాన రోజు ఒకసారి వాసన చూసి చెప్పండి.

నేనిప్పుడు గుడిబండె సర్కారీ బడిలో ఇంగ్లీషు చెబుతున్నాను. మా క్లాసు గోడకు ఆనుకునే పిండిమిల్లు ఉంది.