షియాన్‌లో ఉడకని అన్నం

కక్ష తీర్చుకోవడం తప్పంటారు. అలా అనేవాళ్ళకు నాకు మండినట్టు ఎప్పుడూ మండి ఉండదు.

చైనా వెళ్దామన్నది ఆయనే. ఆయనంటే ఇక్కడ బహ్రెయిన్‌లో, జింజ్ పేటలో మా పై ఫ్లాటు పెద్దమనిషి. ఇక్కడి మా నాలుగు తెలుగు కుటుంబాలకూ తనకు తానే పెద్ద. పిక్నిక్కయినా, వ్రతమైనా ఆయన చెప్పిన టైముకే జరగాలి. ఈద్ సెలవులకు షియాన్ అనగానే నేను ఎగిరి గంతేశాను. మాది అమరావతి పక్కన ధరణికోట. వందల ఏళ్ళ కిందట ఒక చైనా భిక్షువు చదువు కోసం మా ఊరిదాకా వచ్చాడని బళ్ళో చెప్పారు. ఆ భిక్షువు మన దేశం నుంచి మోసుకెళ్ళిన గ్రంథాలు దాచడానికి కట్టిన గోపురం ఆ షియాన్‌లోనే ఉంది. అది చూడాలని చిన్నప్పటినుంచీ నా కోరిక.

"మిగతావి చూపించకపోయినా ఫరవాలేదు అన్నయ్యగారూ, ఆ గోపురం ఒక్కటీ చూపించండి" అన్నాను, ప్రయాణానికని జిదాఫ్స్ మార్కెట్లో కందిపప్పు కొంటూ.

"నాదీ పూచీ చెల్లెమ్మా" అన్నాడు.

కందిపప్పు పొడి కొట్టడానికి. చైనా వెళ్ళినా సరే, ఆయనకు ఒంటిగంటకల్లా వేడన్నం పడాలి. రైస్ కుక్కరూ, ఆవకాయా మాతోపాటే విమానమెక్కాయి. హోటల్ గదిలో వండకూడదంటే కుక్కర్ని బీరువాలో దాచేవాళ్ళం. బహ్రెయిన్ ప్లగ్గు అక్కడి గోడకు పట్టదు. ఉన్న అడాప్టరు ఒక్కటే, అదీ నాది. వండేదీ నేనే.

మట్టి సైనికుల దగ్గర ఒక్కో మొహం ఒక్కో తీరుగా ఉంది. నేనింకా మొదటి వరస దాటలేదు, "యల్లా యల్లా, పదండి, అన్నం టైమైంది!" అని వెనకనుంచి కేక. కోట గోడ మీద సైకిళ్ళు తొక్కుతూ సగంలోనే దిగిపోయాం. ఊరి నడిమి గంట గోపురం చూడ్డం బస్సు కిటికీలోంచే అయిపోయింది. అన్నీ సహించాను. నా గోపురం చివరి రోజు ఉంది కదా అని.

ఆ ముందు సాయంత్రం ఆయన తేల్చేశాడు. "రేపు పట్టు దుప్పట్లు కొనాలి. గోపురం ఖలాస్. రాళ్ళూ ఇటుకలూ చూడ్డానికి ఇంతదూరం ఎందుకమ్మా, మీ ధరణికోటలో లేవూ?"

అందరూ విరగబడి నవ్వారు. మా ఆయనా నవ్వాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

పొద్దున్నే తలనొప్పి అన్నాను. "పడుకోమ్మా, మేమొచ్చేసరికి అన్నం మాత్రం అయిపోవాలి" అని చెప్పి దుప్పట్లకు బయల్దేరాడు, అందర్నీ వెంటేసుకుని. నేను బియ్యం కడిగాను. నీళ్ళు కొలిచి పోశాను. మూత పెట్టాను. అడాప్టరు ఊడపీకి, హ్యాండ్‌బ్యాగులో వేసుకుని టాక్సీ ఎక్కాను.

కిందనుంచి చూస్తే గోపురం చాలా సాదాగా ఉంది. ఇటుక రంగు, ఏడంతస్తులు. పై దాకా ఎక్కి కిటికీ దగ్గర నిలబడ్డాను. మా కృష్ణ ఒడ్డున తిరిగిన మనిషి ఈ ఆవరణలోనే కూర్చుని ఆ గ్రంథాలు తర్జుమా చేసుకున్నాడు. ఏడుపొచ్చేసింది. అంతలో ఫోను మోగింది.

"అడాప్టరేదే?" మా ఆయన.

"నా బ్యాగులో."

"నువ్వెక్కడ?"

"గోపురం మీద."

"ఇక్కడందరూ కంచాలు ముందేసుకుని కూర్చున్నారే! కింద రిసెప్షన్లో ఇంకోటి అడుగుదామంటే వంట సంగతి బయటపడుతుందని అన్నయ్యగారు వణికిపోతున్నారు."

"పట్టు దుప్పట్లున్నాయిగా, ఆవకాయ నంజుకుని తినమనండి."

ప్రతి అంతస్తులోనూ ఆగుతూ దిగాను. ఆయన కడుపులో ఎలుకలు పరిగెడుతుంటాయని తలుచుకుంటూ, ఇంకా నెమ్మదిగా దిగాను. ఏ పండగ భోజనంలోనూ నాకంత తృప్తి కలగలేదు.

బహ్రెయిన్ తిరిగొచ్చాక ఆయనింట్లో ఫోటోలు చూపించడానికి అందర్నీ పిలిచాడు. టీవీ నిండా దుప్పట్లే. అరాద్ నుంచి వచ్చిన ఒకావిడ, "షియాన్ అంటే ఆ గోపురమే కదండీ, అదేదీ?" అని అడిగేసింది. ఆయన మొహం మాడిపోయింది. నన్ను మెల్లగా వంటింటి గుమ్మం దగ్గరికి పిలిచాడు.

"చెల్లెమ్మా, నీ ఫోటోలు రెండు గ్రూపులో పడెయ్యమ్మా. అందరం వెళ్ళినట్టుంటుంది."

అడాప్టరు ఇంకా నా బ్యాగులోనే ఉంది. తీసి ఆయన అరచేతిలో పెట్టాను.

"ఫోటోలు నావి అన్నయ్యగారూ" అన్నాను, హాల్లో అందరికీ వినబడేలా. "మీకు కావాల్సింది ఇదీ. తీసుకెళ్ళి అన్నం వండుకోండి."