బేరమాడి తెచ్చిన స్పీకర్లు

ఫోనులో మొహాలు చూసుకుంటూ మాట్లాడుకునే భాగ్యం మాకింకా పట్టని రోజులవి. రాజమండ్రిలో మా స్టీలు సామాన్ల కొట్లో బిల్లుల కోసం కొన్న కంప్యూటరొక్కటే మా వంశం మొత్తానికి కిటికీ. ఆదివారం మధ్యాహ్నం బేరాలు కట్టేశాక, సూరత్‌లో ఉంటున్న మా అత్త అందులో కనబడేది. కనబడితే చాలదు, వినబడాలి కదా. అందుకు స్పీకర్లు కొనుక్కొచ్చే పని నాకు అప్పగించారు. అప్పుడే డిగ్రీ అయిందనిపించి కొట్లో కూర్చుంటున్నాను. బేరంలో బజారు మొత్తానికి నన్ను మించినవాడు లేడని నా నమ్మకం. అమ్మేవాడు చెప్పిన ధరకి ఓ నవ్వు నవ్వి, రెండుసార్లు మెట్లు దిగి, రెండుసార్లూ వెనక్కి పిలిపించుకుని (రెండోసారి ఆయన పిలవలేదు, గొడుగు మరిచిపోయినట్టు నేనే వెళ్లాను) మొత్తానికి నా మాటే నెగ్గించుకున్నాను.

మొదటి ఆదివారం అత్త గొంతు ఖంగున మోగింది. పక్కనే ఉన్న బాబాయి కొట్లోకీ వినబడింది. ఉమ్మడి కొట్టు రెండుగా చీలినప్పుడు తాతయ్య నాటి బోర్డు ఎవరి గుమ్మానికి ఉండాలన్న దగ్గర నాన్నకీ బాబాయికీ మాటలు పోయాయి. బాబాయి తన గుమ్మంలోనే నిలబడి చెల్లెలి కబుర్లన్నీ విని, షట్టర్ దించుకుని వెళ్లిపోయాడు. ఆ పై ఆదివారం నుంచి స్పీకర్లు నీరసించాయి. అత్త పెదవులు కదులుతున్నాయి, మాట మాత్రం చీమ నడిచినట్టుంది. అదీ ఎప్పుడు? అత్త కూతురికి పెళ్లి కుదిరినప్పుడు. మేనకోడల్ని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి మోసుకురావలసింది మేనమామలు. ఉన్నది ఇద్దరు, వాళ్లకా మాటల్లేవు. ఆ దిగులుతోనే అత్త సగమైపోతోందని అమ్మ అంటూండేది.

ఇక చూడండి నా పాట్లు. తెర మీద శబ్దం పెంచే గీతని పైకి జరిపాను, స్పీకరు మీది వాల్యూమ్ చివరిదాకా తిప్పాను, తీగలు పీకి మళ్లీ గుచ్చాను, బోర్లించి దులిపాను. చివరికి రెండు స్పీకర్లనీ ఇత్తడి గంగాళంలో దించాను. అత్త నూతిలోంచి పలుకుతున్నట్టు వినబడిందే గానీ మాట పెరగలేదు. నాన్న ఒకటే అన్నాడు: "వీడు బేరమాడితే సరుక్కి నోరు పడిపోద్ది." ఆ మాట బజారంతా పాకింది. రోషం వచ్చి స్పీకర్లని ఒళ్లో పెట్టుకుని ఆటోలో అమ్మినాయన దగ్గరికి పోయాను. ఆయన ఓ పాట పెట్టాడు. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూశారు. "మీ ఇంట్లో అందరికీ చెవులు బాగానే ఉన్నాయాండీ?" అని ఎంతో మర్యాదగా అడిగాడు.

బిల్లుల కంప్యూటర్లో పాటలు పెట్టకూడదని నాన్న ఆజ్ఞ. కొట్టుకి తిరిగొచ్చి, నాన్న లేకుండా చూసి, ఆ ఆజ్ఞ మీరాను. అరల్లో గిన్నెలు గణగణమన్నాయి. అంటే మూగబోయింది అత్త ఒక్కతే! వెతగ్గా వెతగ్గా తేలిందేమిటంటే, పాటలకో గీత, అత్త కనబడే ప్రోగ్రాముకో గీత విడివిడిగా ఉన్నాయి. అత్త గీత అట్టడుగున ఉంది. పైకి లాగబోతుంటే వెనకనుంచి అమ్మ (మా బిల్లులన్నీ కొట్టేది ఆవిడే) నా చెయ్యి పట్టుకుంది.

"దాని జోలికెళ్లకు. గట్టిగా వినబడితే మీ బాబాయి అక్కడే నిలబడి వినేసి పోతాడు. ఖరీదు మెల్లగా చెప్తే కొనేవాడే దగ్గరికొస్తాడని మీ తాతయ్య నేర్పలేదా మీకు?"

నిజమే. మూడు వారాలుగా బాబాయి ముందు మా గుమ్మంలోకి, తరవాత స్టూలు మీదకి, మొన్న ఏకంగా నాన్న కూర్చునే బల్ల రెండో చివరికి చేరాడు. "మరి నా పరువో?" అన్నాను. అది కూడా బేరమాడుకోమంది. ఆదివారం ఆదివారం పెసరట్టు, ఉప్మా దగ్గర తెగింది.

తరవాతి ఆదివారం అత్త ఏదో అడిగి, కొంగుతో కళ్లొత్తుకుంది. నాన్నకి వినబడలేదు. స్పీకరు దగ్గర చెవి పెట్టింది బాబాయి. నాన్న కాసేపు గిన్నెల కేసి, కాసేపు నా కేసి చూశాడు. నేను కదల్లేదు. ఇక తప్పక బాబాయి వైపు తిరిగాడు.

"ఏమంటందిరా?"

"బుట్ట ఇద్దరం పడతామా అని అడుగుతంది అన్నయ్యా."

"పట్టకేం చేస్తాం? నీ వైపు కిందకి దించెయ్యకు, అంతే."

పెళ్లినాడు బాబాయి దించలేదు. నాన్నే ఆయాసపడి దించాడు, పెళ్లికూతురు ఓ పక్కకి ఒరిగి కెవ్వుమంది. ఫోటోలో అందరూ నవ్వుతూనే ఉన్నారు.

మా బజార్లో ఈ నాటికీ చవగ్గా కొన్నది పని చెయ్యకపోతే "వీడి స్పీకర్లలా ఉంది" అంటారు. నేను కాదనను, ఆ బేరంలో నాకు ముట్టింది ముట్టింది. ఇప్పుడు మా ఇంట్లో గోడలదిరే స్పీకర్లున్నాయి, ఎవరి గదిలో వాళ్లుంటారు. అప్పుడప్పుడు ఆదివారం పూట ఏదో పాత పాట పెట్టి, ఎవరూ చూడకుండా గీత అడుక్కి లాగుతాను. "నాన్నా, స్పీకరు పోయిందా?" అని లోపలి గదిలోంచి మా అమ్మాయి కేకేస్తుంది. పోయిందేమో, ఇలా వచ్చి చూడమ్మా అంటాను, బల్ల మీద కాస్త పక్కకి జరిగి.