బిస్కెట్ ప్యాకెట్ చప్పుడు

మూడేళ్ల కిందట, జూన్ మొదటి వారంలో, కొత్తపేటలోని ఒక ప్లేస్కూల్లో అసిస్టెంట్ టీచరుగా చేరాను. ఇప్పుడు ఆ ఉద్యోగంలో లేను. అసిస్టెంట్ అంటే హోదాలో ఆయమ్మకు పైన, క్లాస్ టీచరుకు కింద. పాటలు, కథలు క్లాస్ టీచరు పద్మజ మేడం చెప్పేవారు. ముక్కులు తుడవడం, పరిశీలన పుస్తకం రాయడం నా పని. ఒక్కో పిల్లకు రోజుకో వాక్యం: ఏం తిన్నది, ఏం ఆడింది, ఏం మాట్లాడింది.

నర్సరీలో పద్దెనిమిది మంది. వాళ్లలో మూడేళ్ల హాసినికి మాటలు నాలుగైదే. పద్మజ మేడం పిలిస్తే వచ్చేది, నేను పిలిస్తే వచ్చేది కాదు.

"నీ గొంతు నీకైనా వినిపిస్తుందా అమ్మా?" అన్నారు ప్రిన్సిపాల్.

"గా పిల్లదేముంది, నాకే ఇనవడ్తలేదు టీచర్. జర గట్టిగ పిలువున్రి," అంది ఆయమ్మ మరియమ్మ.

దీపావళి తర్వాత ప్రిన్సిపాల్ తేల్చేశారు. పిల్ల మొండిది, ఎల్‌కేజీకి పంపలేం, ఏడాది ఇంట్లోనే ఉంచుకోమని చెబుదాం అన్నారు. శనివారం ఇంటివాళ్లను రమ్మన్నారు.

ఆ వారం పరిశీలన పుస్తకంలో హాసిని గురించి రాసినవన్నీ మొదటి నుంచి చదివాను. 'పిలిచాను, రాలేదు' అని చాలాచోట్ల ఉంది. నా పిలుపుకు వచ్చిన కొద్ది రోజుల్లో మాత్రం 'ఎదురుగా కూర్చుని పిలిచాను' అని ఉంది.

మర్నాడు పిల్లలు ఆడుకుంటుండగా వెనక నిలబడి బిస్కెట్ ప్యాకెట్ మెల్లగా చింపాను. పదిహేడు తలలు తిరిగాయి. హాసిని బ్లాకు మీద బ్లాకు పెడుతూనే ఉంది. ఆ మర్నాడూ అంతే. రెండూ రాసిపెట్టాను.

శనివారం హాసిని నాన్న, నాయనమ్మ వచ్చారు. "మా అబ్బాయీ ఇంతేనండీ, నాలుగేళ్లదాకా నోరు విప్పలేదు. ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో పాఠాలు చెబుతూ నోరు మూయడు," అన్నారు నాయనమ్మ. ఆ అబ్బాయి, అంటే హాసిని నాన్న, పక్కనే ఉన్నారు.

నేను రెండు వాక్యాలు సిద్ధం చేసుకుని వెళ్లాను. రెండూ బయటికి రాలేదు. పుస్తకం ముందుకు జరిపాను. హాసిని నాన్న చివరి పేజీ పైకి చదివారు.

"బిస్కెట్‌కి కూడా తిరగలేదా?" నాయనమ్మ లేచి నిలబడ్డారు. "బిస్కెట్ అంటే ప్రాణమండీ దానికి. పదరా, చెవులు చూపిద్దాం."

ఎల్‌కేజీకి పంపలేమన్న మాట అంతటితో ఆగింది. ఎల్బీనగర్‌లో చెవి డాక్టరు పరీక్ష చేసి, రెండు చెవుల్లోనూ కర్ణభేరి వెనక నీరు చేరిందన్నారు. తరచూ జలుబు చేసే పిల్లల్లో ఇది మామూలేనట. పెద్ద గొంతు అందుతుంది, చిన్నది అందదు. చిన్న ఆపరేషన్ చేశారు.

బడికి తిరిగొచ్చిన మొదటి వారం, పద్మజ మేడం పాట ఎత్తుకోగానే హాసిని రెండు చెవులూ మూసుకుంది. అదీ పుస్తకంలో రాశాను. జూన్‌లో ఎల్‌కేజీకి వెళ్లింది.

పెద్ద గొంతుకు పలికినంత మాత్రాన పిల్ల చెవులు బాగున్నట్టు కాదు. మొండితనం అని రాసే ముందు, వెనక నుంచి, చిన్న చప్పుడుతో ఒకసారి చూడాలి.

ఏడాది చివర నా రిపోర్టులో ప్రిన్సిపాల్ 'గొంతు చాలదు' అని రాశారు. అది నిజమే. సంతకం పెట్టాను.