మెడ వెనక లస్కరు

ఆ వయసులో నాకు తెలిసిన సంగతి ఎవరికో ఒకరికి చెప్పకపోతే తిన్న అన్నం అరిగేది కాదు. ఎచ్చెర్ల దగ్గర ఫార్మసీ చదువుతూ, ఎదురుపడ్డ ప్రతివాడికీ వాడు మింగిన మాత్ర ఒంట్లో ఎటు పోతుందో వివరించేవాణ్ని. (నన్ను చూసి జనం సందు మారుతున్నారని తర్వాత తెలిసింది.) అలాంటి నాకు, మెదడు కాండం నొప్పిని ఎలా అదుపు చేస్తుందో క్లాసులో నిలబడి చెప్పాల్సిన రోజుకు ముందురోజే దవడ పన్ను పోటెత్తింది. నా గొప్పలు విని విసిగిపోయిన మిత్రులందరూ రేపటికోసం ముందు బెంచీలు చూసుకుంటున్నారు. నోరు తెరవలేకపోతే నా పరువు అక్కడితో సరి.

అప్పుడు నేను శ్రీముఖలింగం దగ్గర మా మేనమామ ఇంట్లో ఉన్నాను. మాత్ర వేసుకున్నా పోటు తగ్గలేదు. నొప్పి పంటిలో ఉంటే మెదడుకేం పని అని మావ అడిగాడు. ఇంకేం, బుగ్గ పట్టుకునే మొదలుపెట్టాను. నొప్పి పంటిలో పుట్టి పైకి పోతుందనీ, మెడ పైన మెదడు మొదట్లో ఒక చోటు ఉండి దాన్ని ఎంత పోనివ్వాలో చూస్తుందనీ, భయపడితే అదే చోటు నొప్పిని పెంచేస్తుందనీ, నల్లమందు జాతి మందులు ఆ చోటును మంచి చేసుకునే పనిచేస్తాయనీ చెప్పాను. మావ పొలం వంశధార కాలువ శివారున ఉంది. షట్టర్లు ఎత్తి దించే లస్కర్ని మంచి చేసుకోకపోతే ఆయన మడికి నీరు రాదు. అంతా విని తల ఊపాడు.

"అంటే నీ మెడకాడ లస్కరు ఉన్నాడన్నమాట. ఆ ముక్క ముందే సెప్పొచ్చు కదరా."

నన్ను పీట మీద కూర్చోబెట్టి వెనక్కి వెళ్లాడు. భుజం మీది తువ్వాలు తీసి నడుముకు చుట్టుకుని, నా మెడతో ఎంతో వినయంగా మాట్లాడాడు.

"లస్కరు బాబూ, కుర్రోడు రేపు మాటాడాల. తవరు దయుంచి షట్టరు కాసింత దించితే సాయంత్రం కోడి కోయిస్తాను."

వంటింట్లోంచి అత్త, ఆ పెట్ట గుడ్లు పెడతన్నాదనీ, ఏ లస్కరుకీ ఇచ్చేది లేదనీ కేకేసింది. ఆ మాటతో నా పోటు రెట్టింపైంది. లస్కరుకు కోపమొచ్చిందని నేను కూడా నమ్మేశాను (సైన్సు చదివేవాణ్ని!). కళ్లనీళ్లతో అత్తను బతిమాలాను. చివరికి కోడి తెగింది. నేను నమల్లేను కాబట్టి లస్కరు వాటా కూడా మావే తిన్నాడు, ప్రతి ముక్కా ముందు నా మెడకు చూపించి మరీ. నాకు నవ్వాగలేదు. నవ్వుతుండగానే పోటు మెల్లగా దిగిపోయింది. మాత్ర పనిచేసిందో, నమ్మకంతో మెదడు తన మందు తానే తయారుచేసుకుందో, ఈ రోజుకీ తేల్చి చెప్పలేను. మావ మాత్రం ఎముక పక్కన పెట్టి, "రోజూ పెట్టకూడదురా. అలవాటు పడితే రేపు రెండు కోళ్లడుగుతాడు" అన్నాడు.

మర్నాడు క్లాసులో నిలబడగానే చదివిందంతా ఎగిరిపోయింది. నోటికి కాలువ, షట్టరు, లస్కరు తప్ప మరో మాట రాలేదు. అదే మందు కొన్నాళ్లకు ఎందుకు చాలదని సారు అడిగితే రెండు కోళ్ల సంగతి చెప్పాను. ముందు బెంచీలు విరగబడి నవ్వాయి. సారు కళ్లజోడు తీసి తుడుచుకుని, జవాబు సరైనదేననీ, ఆ కోడిని మాత్రం పరీక్షలో రాయొద్దనీ అన్నారు. కాలేజీ వదిలేదాకా నా పేరు లస్కరే.

ఇప్పుడు ఆ పాఠం నేనే చెబుతున్నాను, కోడితో సహా. మావ లేడు. మోకాలు సలుపుతున్నప్పుడు, గదిలో ఎవరూ లేకుండా చూసుకుని, మెడ వెనక చెయ్యి పెట్టి నేను కూడా "లస్కరు బాబూ" అని అడుగుతుంటాను. షట్టరు కదలదు. ఇన్నేళ్లు నా మెడ మీదే ఉన్నాడు గానీ, ఆయనకు పరిచయం మా మావతోనే.