కోణాల మామయ్య, అయిదు మూలల లిఫ్టు

మా మామయ్యకి ఏ వస్తువు కనిపించినా ముందు దాని మూలలు లెక్కపెట్టాలి. అది తినేదో, కూర్చునేదో, పారేసేదో ఆ తర్వాతే ఆలోచిస్తాడు. అందుకే ఇంటిల్లిపాదీ ఆయన్ని కోణాల మామయ్య అంటాం. గొడుగులు బాగుచేసే కొట్టు ఆయనది. ఊచ విరిగిందని ఎవరైనా వస్తే ఊచ సంగతి ఎత్తడు. "ఇది క్రమ అష్టభుజి బాబూ. మూలకి నూట ముప్ఫై అయిదు డిగ్రీలు. ఒక్క ఊచ వంగితే మూలలన్నీ కంగారు పడతాయి" అంటాడు. వానలో తడుస్తూ వినేవాడి కంగారు మాత్రం ఆయనకి పట్టదు.

ఒకసారి నాకోసం అద్దె ఇల్లు చూడ్డానికి వెళ్ళి వచ్చి, "ముందు గది సమలంబ చతుర్భుజం రా" అన్నాడు.

"నీళ్ళు వస్తున్నాయా మామయ్యా?"

"వెనక గది దీర్ఘచతురస్రమని అందరూ మోసపోతారు. తలుపు పక్క మూల ఎనభై ఎనిమిదే."

"నీళ్ళ సంగతేమిటి?"

"నీళ్ళకి మూలలుండవు" అని లేచి వెళ్ళిపోయాడు.

ఈ పాఠాలు అందరికంటే ఎక్కువగా భరించింది మా పిన్ని, అంటే ఆయన చెల్లెలు. చిన్నప్పుడు జడ వేసుకుంటున్నా వదిలేవాడు కాదట. "ఎన్ని భుజాలున్నా రెండు తీసెయ్. మిగిలినన్ని త్రిభుజాలు. ఒక్కోదానికి నూట ఎనభై. అంతేనే పిచ్చి మొహమా" అని వెంటపడి చెప్పేవాడట.

పిన్నికి లిఫ్టంటే ప్రాణభయం. మెట్లెక్కడానికి మోకాళ్ళు ఒప్పుకోవు. కూతురి కాపురమేమో పదకొండో అంతస్తులో. ఇన్నాళ్ళూ మనవరాలిని కిందికి తెప్పించుకుని, కాపలావాడి కుర్చీలో కూర్చుని ముద్దాడి వెళ్ళేది. ఇకమీదట అలా కుదరదు. మర్నాడే కూతురు కొత్త ఉద్యోగంలో చేరాలి. పిన్ని పైకి వెళ్ళి పిల్లని చూసుకుంటేనే ఆ ఉద్యోగం. లేకపోతే లేదు.

అందుకని ఒకరోజు ముందే అలవాటు చేయిద్దామని నేనూ మామయ్యా ఆవిడని చెరో చెయ్యి పట్టుకుని లిఫ్టెక్కించాం. అది సగం దూరం వెళ్ళి, ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. ఫ్యాను ఆగింది. ఒక చిన్న దీపం మాత్రం మిగిలింది.

"మెకానిక్ బయల్దేరాడండీ" అంది గోడలోని స్పీకరు. ఎక్కణ్ణించి బయల్దేరాడో చెప్పలేదు.

పిన్ని కళ్ళు గట్టిగా మూసుకుంది. నా మణికట్టులో ఆవిడ గోళ్ళు దిగాయి. "గాలాడట్లేదురా. ఇంక చచ్చినా ఎక్కను. ఉద్యోగం వద్దు, ఏమొద్దు. దాన్ని ఇంట్లోనే ఉండమను." మాటకీ మాటకీ మధ్య ఊపిరి అందడం లేదు. నాకూ చెమటలు పట్టాయి. మామయ్య మూలలు లెక్కపెట్టడం మానేసి చెల్లెలి మొహంకేసే చూస్తున్నాడు. అది ఇంకా భయంగా ఉంది.

ఆఖరికి ఆయన గొంతు సవరించుకున్నాడు. "చెల్లీ, ఈ లిఫ్టు చతుర్భుజం. కోణాలన్నీ కలిపి మూడు వందల అరవై."

నేను ఉలిక్కిపడ్డాను. పైపులు పోవడానికి కాబోలు, లిఫ్టుకి ఒక మూలని ఏటవాలుగా కోసేసి గోడ కట్టారు. గుడ్డివాడికైనా తెలుస్తుంది.

పిన్ని ఒక కన్ను తెరిచింది. "చతుర్భుజమేంటి అన్నయ్యా? ఆ మూల కోసేసి ఉందిగా."

"కోసేస్తే మూల పోయినట్టే కదా. పోనీ, త్రిభుజమనుకో."

రెండో కన్ను కూడా తెరుచుకుంది. "మూల కోస్తే మూల పోతుందా? ఒకటి రెండవుతుంది."

"ఏదీ, చూపించు."

నా మణికట్టు వదిలేసింది. గోడల వెంట నడుస్తూ ఒక్కో మూలమీదా అరచేత్తో చరిచింది. "ఇదొకటి. ఇది రెండు. మూడు, నాలుగు, అయిదు. పంచభుజి. రెండు తీసెయ్. మూడు నూట ఎనభైలు."

"అంటే నాలుగు వందల చిల్లర."

"అయిదు వందల నలభై. ఇటు మూడు మూలలూ లంబకోణాలు, రెండు వందల డెబ్భై. మిగిలింది ఆ కోసిన చోట రెండు మూలలకీ చెరిసగం. నూట ముప్ఫై అయిదు."

"నాకు నూట ఇరవైలా కనిపిస్తోందే."

"నీ మొహంలా కనిపిస్తోంది. నా బుర్రంతా తినేసి, ఇప్పుడు నువ్వే మర్చిపోతావా?"

లిఫ్టు కదిలింది. పిన్ని గమనించలేదు. తలుపులు తెరుచుకునేసరికి ఆవిడ నేలమీద గొంతుక్కూర్చుని, మూలనుంచి మూలకి వేలితో గీతలు గీస్తోంది. ఎదురుగా కూతురి ఇంటి గుమ్మంలో మనవరాలు చేతులు చాచింది.

"ఉండవే బంగారం. ముందు ఈ తాతకి లెక్క అప్పజెప్పనీ" అంటూ లేచి, పిల్లని చంకనేసుకుని, "ఒప్పుకుంటావా లేదా అన్నయ్యా" అని నిలదీసింది.

"ఒప్పుకోను" అన్నాడు మామయ్య. ఆవిడ మూతి తిప్పుకుని లోపలికి వెళ్ళింది.

నేను ఆయన్ని వరండాలో ఆపాను. "అయిదు వందల నలభై అని ఒక్క మాట అంటే ఏం పోయింది మామయ్యా? పాపం, పిన్ని."

మామయ్య అరచేతుల చెమట పంచెకి తుడుచుకుని, లిఫ్టు వైపొకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"ఇప్పుడే ఒప్పుకుంటే, దిగేటప్పుడు దేనిమీద పోట్లాడుకుంటాం రా?"